ఇంజిన్ బోరుకొచ్చిన పాత పికప్: విప్పడం మొదలు 1,500 కిలోమీటర్ల దాకా

సెకండ్ హ్యాండ్ బొలెరో పికప్పో, టాటా 207నో కొన్న కొన్నాళ్ళకే నీలం పొగ కొట్టడం, ఆయిల్ తాగడం, లోడు మీద లాగకపోవడం మొదలవుతుంది. "బోరుకొచ్చింది, దించాల్సిందే" అంటాడు మెకానిక్. సిలిండర్ లోపలి గోడ (బోరు) అరిగిపోయింది, ఇంజిన్ దించి విప్పాలి అని దాని అర్థం. అక్కడి నుంచి ఏం అడగాలో, ఏది ముందు చేయించాలో తెలియక చాలామంది అడ్వాన్సు ఇచ్చేసి పక్కన నిలబడతారు. కొన్నాళ్ళకు అదే పొగ మళ్ళీ మొదలవుతుంది.

సొంతంగా పని చేసుకునేవారికీ, విజయవాడ ఆటోనగర్‌లోనో గుంటూరులోనో దగ్గరుండి చేయించుకునేవారికీ పనికొచ్చేలా క్రమం ఇక్కడ ఇస్తున్నాం. ఉదాహరణకు తీసుకున్నది బొలెరో పికప్‌లో వచ్చిన 2,523 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. బోరు 88.9 మి.మీ., స్ట్రోకు 101.6 మి.మీ. మిగతా బండ్లకూ ఇదే వరస. టార్కు (బోల్టు బిగింపు బలం) అంకెలు, ట్యాపెట్ గ్యాపు (వాల్వు దగ్గర వదిలే సందు) మాత్రం మీ ఇంజిన్ సర్వీసు మాన్యువల్ చూసే పెట్టుకోండి. నోటిమాట మీద పెట్టొద్దు.

ముందే రెండు మాటలు. అరుగుదలకు కారణం దొరక్కుండా కొత్త సామాను వేయొద్దు. కొలతలు తీయకుండా సామాను కొనొద్దు.

1. నిజంగా బోరుకొచ్చిందా?

పొగ కనబడగానే ఇంజిన్ దించకండి. పొగ రంగు, అది ఎప్పుడు వస్తోందన్నది చూస్తే సగం సంగతి తెలుస్తుంది.

- పొద్దున స్టార్టింగ్‌లో కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్, గైడ్లు అనుమానించాలి. హెడ్ పనితో సరిపోవచ్చు.
- లోడు మీద, యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలం పొగ ఉంటే రింగులు, బోరు. లేదా టర్బో.
- నల్ల పొగ అయితే ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపుల లీకు, ఇంజెక్టర్లు. చాలాసార్లు బోరుకు సంబంధమే ఉండదు.
- వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తూ రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ ప్యాకింగ్, లేదా హెడ్ పగులు.

తర్వాత బ్యాక్ కంప్రెషన్. ఇంజిన్ వేడిమీద ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తిప్పి, తీయకుండా అలాగే వదులుగా ఉంచండి. మూత ఎగిరెగిరి పడుతూ రైలింజన్లా గుప్పుగుప్పున పొగ వస్తుంటే రింగుల పక్క నుంచి గ్యాసు కిందికి దిగుతోందని అర్థం. సన్నగా ఆవిరిలా రావడం మాత్రం అన్ని డీజిల్ ఇంజిన్లకూ మామూలే.

టర్బోను తప్పకుండా చూడండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్ళే పైపు విప్పితే లోపల ఆయిల్ మడుగు కట్టి ఉందా? షాఫ్టు వేలితో కదిపితే చక్రం చుట్టూ ఉన్న గోడకు తగులుతోందా? అలాగైతే తాగిన ఆయిలంతా అక్కడే పోతూ ఉండొచ్చు. టర్బో ఒక్కటి మారిస్తే పోయేదానికి ఇంజిన్ మొత్తం విప్పడం ఎందుకు?

చివరగా కంప్రెషన్ గేజి. నాలుగు సిలిండర్లూ విడివిడిగా చూడాలి. అన్నీ సమానంగా తగ్గితే మొత్తం అరుగుదల. ఒక్కటే బాగా తగ్గితే ఆ సిలిండర్‌లో వాల్వో, రింగో, ప్యాకింగో పోయి ఉంటుంది. ఆయిల్ ప్రెషర్‌కు డాష్‌బోర్డు లైటును నమ్మొద్దు. లైటు స్విచ్చి విప్పి ఆ చోట మీటరు బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక చూడండి. ఐడిల్‌లో 1 బారు కూడా లేకపోతే బేరింగులు కూడా చూడాల్సిందే.

జాగ్రత్త: పాత ఇంజిన్లలో చేసినట్టు ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి "ఏ సిలిండర్ కొట్టడం లేదు" అని చూడటం కామన్ రైల్ ఇంజిన్లలో (ఒకే పైపు నుంచి అన్ని ఇంజెక్టర్లకూ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ వెళ్ళే రకం) ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పైపులో డీజిల్ ఒత్తిడి 1,000 బార్లు దాటగలదు. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఆ పరీక్ష స్కానర్‌తోనే చేయాలి.

2. బేరం ఎలా మాట్లాడుకోవాలి

"మొత్తం ఇంతకి చేసిస్తా" అనే గుత్త బేరం వద్దు. నాలుగు లెక్కలు విడివిడిగా రాయించుకోండి: దించి ఎక్కించే కూలీ, లేత్ పని, సామాను, నాజిళ్ళు (ఇంజెక్టర్లు)-పంపు పని. లేత్, సామాను లెక్కలు ఇంజిన్ విప్పి కొలిచాకే తేలతాయి. విప్పకముందే "40 సైజు పిస్టన్లు (1 మి.మీ. పెద్దవి) తెచ్చేయండి" అన్నవారి దగ్గర పని పెట్టొద్దు.

స్క్రాపు నుంచి హాఫ్ ఇంజిన్ (హెడ్ లేని బ్లాకు భాగం) తెచ్చి వేద్దామంటారు కొందరు. అది ఎంత తిరిగిందో, ఎందుకు స్క్రాపుకు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. పైగా బ్లాకు మారితే ఇంజిన్ నంబరు మారుతుంది. రవాణా శాఖ ఆఫీసులో ఆ మార్పు ఆర్సీలో ఎక్కించుకోకపోతే ఇన్సూరెన్సు క్లెయిము దగ్గరా, బండి అమ్మేటప్పుడూ చిక్కు. బ్లాకు పగిలితే తప్ప ఉన్నదాన్నే బాగుచేయించుకోవడం మేలు.

మిర్చి సీజన్‌లో బండి ఒక్కరోజు ఆగినా కిరాయి పోతుంది కాబట్టి, సీజన్ మొదలవకముందే పెట్టుకోండి. వారం నుంచి పది రోజులు చేతిలో ఉంచుకోండి. తొందరపెడితే కడగడం, కొలవడం, ఈ రెండు పనులే ముందుగా ఎగిరిపోతాయి.

3. దగ్గర ఉండాల్సినవి

- 0–25, 25–50, 50–75, 75–100 మి.మీ. మైక్రోమీటర్లు, బోర్ గేజి, డయల్ గేజి. లేకపోతే కొలతలు లేత్ షాపులో మీ కళ్ళ ముందు తీయించండి.
- ఫీలర్ గేజి, టార్క్ రెంచి, కోణం చూసే డయల్
- రింగ్ కంప్రెసర్, రింగులు తీసే పట్టకారు
- ప్లాస్టిగేజ్ దారం (బేరింగు సందులో పెట్టి బిగిస్తే నలిగి, ఆ వెడల్పును బట్టి సందు ఎంతో చెప్పేది)
- గ్యాలరీలు (బ్లాకులో ఆయిల్ వెళ్ళే దారులు) తోమడానికి సన్నటి పొడుగు నైలాన్ బ్రష్షులు, సబ్బు పొడి, తెల్లటి పాత పంచె ముక్కలు
- బోల్టులకు విడివిడి కవర్లు, చెరగని మార్కరు

కాటన్ వేస్ట్ ఇంజిన్ లోపలి భాగాల దగ్గరికి రానివ్వకండి. దాని పోగులు ఆయిల్ జల్లెడకు చుట్టుకుంటాయి.

4. దించడం

ఇందులో పెద్ద విద్య లేదు, ఓపిక చాలు. బ్యాటరీ నెగటివ్ తీయండి. నీళ్ళు, ఆయిల్ దించండి. పాత ఆయిల్‌ను సగం కోసిన తెల్ల డబ్బాలో పట్టి ఎండలో వంచి చూడండి. వెండి మెరుపు తేలుతుంటే బేరింగు లోహం. అడుగున నీటిబొట్లు ఉంటే కూలెంట్ కలిసినట్టు. ఆ ఆయిల్ కాలవలో పోయకండి, పాత ఆయిల్ కొనేవారికి ఇచ్చేయండి.

వైరింగ్ ప్లగ్గులు, పైపులు తీసేముందు ఫోన్‌తో ఫొటోలు తీసి, ప్రతిదానికీ నంబరు చీటీ కట్టండి. డీజిల్ పైపులు విప్పిన క్షణమే రెండు చివర్లా మూతలు పెట్టాలి. కామన్ రైల్ ఇంజెక్టర్‌కు కంటికి కనబడని దుమ్ము చాలు. గేర్ బాక్సు బెల్ హౌసింగ్ బోల్టులు పొడుగులు వేరువేరుగా ఉంటాయి. అట్టముక్క మీద బొమ్మ గీసి, ఏ బోల్టు చోటులో ఆ బోల్టు గుచ్చి ఉంచండి.

5. విప్పుతూ చదవడం

విప్పడం అంటే ఊడదీయడం ఒక్కటే కాదు. ఇంజిన్ ఎందుకు చెడిందో అది తన ఒంటి మీదే రాసి పెట్టుకుంటుంది. కడిగేస్తే ఆ రాత చెరిగిపోతుంది. అందుకే చూశాకే కడగాలి.

హెడ్ బోల్టులు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, బయటి నుంచి మధ్యకు, రెండు మూడు విడతల్లో వదులు చేయండి. పుష్ రాడ్లు, వాల్వులు, బేరింగ్ షెల్స్ (సగం గుండ్రటి బేరింగు రేకులు) ఏ చోటివి ఆ చోటి పేరుతో వరసగా పెట్టండి. మెయిన్ క్యాపులు (క్రాంక్ షాఫ్టును బ్లాకుకు పట్టి ఉంచేవి), కనెక్టింగ్ రాడ్ క్యాపులు తీసేముందు వాటి మీద నంబర్లు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే మార్కర్‌తో రాయండి. సుత్తితో పంచి కొట్టొద్దు. క్యాపును రాడ్ నుంచి విరిచి చేసిన రకం రాడ్లకు అది పనికిరాదు.

ఇప్పుడు బోరు పైఅంచున, రింగు ఆగిపోయే చోట గోరు పెట్టి కిందికి లాగండి. గోరు మెట్టుకు తగిలి ఆగితే అరుగుదల ముదిరినట్టే. ఆ మెట్టు ఉండగా కొత్త రింగులు వేస్తే, పదునైన కొత్త అంచు మెట్టుకు కొట్టుకుని రింగు విరుగుతుంది. "రింగులు మార్చి తోలేద్దాం" అనే సలహా చాలాసార్లు ఇక్కడే బెడిసికొడుతుంది.

బేరింగ్ షెల్‌ను వెలుతురుకు పట్టి చూడండి.

- చుట్టూ సన్నటి గీతలు, మధ్యలో గుచ్చుకుని మెరిసే రేణువులు: ఆయిల్‌లో మురికి.
- ఒకవైపు అంచే నునుపుగా అరిగింది: రాడ్ వంగి ఉండొచ్చు, లేదా జర్నల్ (క్రాంక్ మీద బేరింగు కూర్చునే చోటు) శంకువులా అరిగింది.
- పైపొర పూసినట్టు పాకి నల్లబడింది: ఆయిల్ అందలేదు.
- షెల్ వీపున మెరిసే మచ్చ: పోయినసారి బిగించినప్పుడు షెల్ వెనక మురికి ఉండిపోయింది.

పిస్టన్ మీద నిలువు గీతలు చుట్టూ సమానంగా ఉండి, పై రింగు మెరుపు లేకుండా బూడిద రంగులో అరిగి ఉంటే అది దుమ్ము తిన్న ఇంజిన్. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే. ఇటుక బట్టీలు, ఇసుక రేవులు, పొలాల డొంకలు, మిర్చి యార్డు రోడ్లు తిరిగే బండ్లివి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకు వెళ్ళే రబ్బరు గొట్టాన్ని చేత్తో వంచి చూడండి. మడతల మధ్య పగులు ఉంటుంది, లేదా క్లిప్పు వదులై గొట్టం లోపలి గోడ మీద సన్నటి ఎర్రమట్టి గీత కనిపిస్తుంది. ఆ గొట్టం మార్చకుండా ఎన్ని పిస్టన్లు వేసినా దండగే.

పిస్టన్ స్కర్టు నాలుగు మూలలా గీసుకుపోయి ఉంటే ఇంజిన్ బాగా వేడెక్కింది. రేడియేటర్, వాటర్ పంపు, ఫ్యాన్ కప్లింగ్ చూడాలి. పిస్టన్ తల మీద ఒకేచోట తినేసిన గుంట ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్ కారుతోంది.

6. కొలతలు

ప్రతి బోరునూ పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలవాలి: క్రాంక్‌కు పొడవునా, అడ్డంగా. సిలిండర్‌కు ఆరు అంకెలు, మొత్తం ఇరవై నాలుగు. కాగితం మీద రాయండి.

ఒక సిలిండర్ ఇలా వచ్చిందనుకుందాం:

- పైన: పొడవునా 88.98, అడ్డంగా 89.06
- మధ్యన: 88.97, 88.99
- కింద: 88.91, 88.92

పైకీ కిందికీ తేడా అడ్డంగా 0.14 మి.మీ. పైన రెండు దిక్కుల మధ్య తేడా, అంటే కోడిగుడ్డు ఆకారం, 0.08. చాలా ఇంజిన్లకు మొదటిది 0.10, రెండోది 0.05 దాటితే బోరు చేయించాల్సిందే. మీ ఇంజిన్ హద్దు మాన్యువల్‌లో ఉంటుంది.

ఇప్పుడు ఏ సైజు? పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. పెద్దవి దొరుకుతాయి. బజారులో వీటినే పది, ఇరవై, ముప్పై, నలభై సైజు అంటారు. పై బోరు 89.06 దాకానే పెరిగింది కదా, 89.15కి వెళ్ళే పది సైజు సరిపోతుంది అనిపిస్తుంది. సరిపోదు. అరుగుదల రెండువైపులా సమానంగా ఉండదు, పిస్టన్ నెట్టే వైపే ఎక్కువ. ఆ 0.16 మి.మీ. మొత్తం ఒకే గోడన పోయిందనుకుంటే, పాత కేంద్రం తప్పకుండా ఆ గుంటను తుడవాలంటే బోరు 89.22 దాకా కోయాలి. పది సైజు చాలదు, ఇరవై సైజుకు, అంటే 89.40కి వెళ్ళాలి. పది సైజులోనే సర్దాలని చూస్తే లేత్ మనిషి కేంద్రం జరపాలి, లేదా ఒక గోడన పాత గుంట మిగలాలి. రెండూ తప్పే. నాలుగింటిలో ఎక్కువ అరిగినదే మిగతా మూడింటి సైజునూ నిర్ణయిస్తుంది.

లైనర్ (బ్లాకులో దిగే సిలిండర్ గొట్టం) ఉన్న ఇంజిన్ అయితే, లేదా పోయినసారే చివరి సైజుకు వెళ్ళి ఉంటే, కొత్త లైనర్లు వేసి స్టాండర్డ్ పిస్టన్లకు రావచ్చు.

క్రాంక్ జర్నల్స్ కూడా ఇలాగే రెండుచోట్ల, రెండు దిక్కుల్లో. గోరుకు తగలని సన్నటి గీతలుండి కొలత హద్దులో ఉంటే పాలిష్ చాలు. గోరు తగిలితే గ్రైండింగ్. మెయిన్లన్నీ ఒక సైజులో, బిగ్ ఎండ్‌లన్నీ (కనెక్టింగ్ రాడ్లు పట్టే జర్నల్స్) ఒక సైజులో ఉండాలి. గ్రైండింగ్‌కు ముందే క్రాక్ టెస్ట్ చేయించండి. పగిలిన క్రాంక్‌ను గ్రైండ్ చేయించడం డబ్బు బూడిదలో పోయడం.

హెడ్ మీద, బ్లాకు మీద నిటారు పట్టీని పొడవునా, అడ్డంగా, మూలకు మూలగా ఆనించి కింద ఫీలర్ దూర్చండి. 0.05 ఆకు దూరి ముందుకు పోతుంటే ఫేసింగ్ (ఆ ముఖాన్ని చదును చేయించడం) గురించి ఆలోచించాలి.

7. లేత్ షాపులో చెప్పాల్సినవి

పిస్టన్లు ముందు కొని, వాటితో సహా బ్లాకు ఇవ్వండి. పిస్టన్ చేతిలో కొలిచి, దానికి కావాల్సిన క్లియరెన్సు కలిపి బోరు కోయాలి. పెట్టె మీద రాసిన సైజు మాత్రమే చూసి కోయకూడదు.

- బోరింగ్ తర్వాత హోనింగ్‌కు (రాయితో సన్నగా రుద్దడానికి) 0.05 మి.మీ. అయినా మిగల్చమనండి. టూలు గీతలు పూర్తిగా పోయి, అడ్డదిడ్డంగా ఖండించుకునే గీతల వల కనబడాలి. అద్దంలా నునుపుగా ఉంటే ఆయిల్ నిలవదు, రింగులు కూర్చోవు.
- క్రాంక్ జర్నల్ మూలల్లో ఉండే గుండ్రటి వంపు అలాగే ఉండాలి. నిక్కచ్చి మూలగా కోస్తే అక్కడే విరుగుతుంది. ఆయిల్ రంధ్రాల అంచులు మొద్దు చేయించండి.
- కనెక్టింగ్ రాడ్లు వంపు చూడాలి, చిన్న బుష్షులు మార్చి పిన్నుకు రీమర్ చేయాలి.
- హెడ్‌కు గైడ్లు, సీట్ కటింగ్, వాల్వ్ గ్రైండింగ్, ప్రెషర్ టెస్ట్. ప్రెషర్ టెస్ట్ వదిలేస్తే సన్న పగులు బండెక్కాకే బయటపడుతుంది.
- బ్లాకు ఫేసింగ్ తప్పనిసరి అయితేనే. ఎంత తీశారో రాయించుకోండి. అంతమేర పిస్టన్ పైకి పొడుచుకువస్తుంది.

బేరింగ్ క్యాపులు ఆకురాయితో రుద్దడం, షెల్ వెనక రేకు పెట్టి బిగించడం ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. క్యాపు రుద్దితే రంధ్రం గుండ్రం పోతుంది. తర్వాత ఏ కొత్త షెల్లూ అందులో సరిగ్గా కూర్చోదు.

8. కడగడం

ఇంజిన్ పని మొత్తంలో చవకైనది, ఎక్కువమంది దాటవేసేది ఇదే. హోనింగ్ రాయి పొడి బోరు గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. డీజిల్‌తో, పెట్రోలుతో తుడిస్తే ఆ పొడి ఇంకా లోపలికి దిగుతుందే కానీ బయటికి రాదు. ఆ పొడి మీదే కొత్త రింగులు తిరిగితే కొన్ని వందల కిలోమీటర్లకే అరుగుతాయి.

సరైన పద్ధతి: బకెట్ వేడినీళ్ళు, సబ్బు పొడి, గట్టి బ్రష్షు. ఒక్కో బోరును నురగ వచ్చేలా తోమి నీళ్ళు కొట్టండి. తర్వాత తెల్లటి పంచె ముక్కకు శుభ్రమైన ఆయిల్ అద్ది బోరు చుట్టూ తిప్పి తీయండి. గుడ్డ మీద బూడిద రంగు మరక వచ్చిందా? మళ్ళీ తోమాలి. మామూలుగా మూడు నాలుగు సార్లు పడుతుంది. గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా ఆపొద్దు.

ఆయిల్ గ్యాలరీ చివర్లలో ఉండే ప్లగ్గులు తీసే కడగాలి. తీయకపోతే ఆ మూలల్లో పాత బేరింగు పొడి, కొత్త లేత్ పొడి రెండూ ముద్దగా ఉండిపోతాయి. క్రాంక్ ఆయిల్ రంధ్రాల్లోనూ బ్రష్షు దూర్చి తోమి, గాలి కొట్టండి. బేరింగు పోయిన ఇంజిన్ అయితే ఆయిల్ కూలర్ మార్చేయడమే క్షేమం. దాని సన్నటి దారుల్లోంచి లోహపు పొడిని పూర్తిగా తీయడం కుదరదు.

నీళ్ళు ఆరీ ఆరగానే బోరుకు ఆయిల్ పట్టించాలి. కృష్ణ ఒడ్డు గాలికి, వానాకాలంలో మరీను, రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి కోసిన ఇనుము మీద తుప్పు రంగు తిరుగుతుంది. ఆయిల్ పట్టించి పాలిథిన్ కవర్ కప్పండి.

9. బిగింపు

ఈ పని రోడ్డు పక్కన షెడ్డులో అయితే పొద్దున్నే మొదలుపెట్టండి. నేల తడిపి, దగ్గర్లో గ్రైండింగ్ ఆపించండి.

క్రాంక్: షెల్ వీపు, అది కూర్చునే చోటు రెండూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. ఆయిల్ లోపలి ముఖానికే. ఆయిల్ రంధ్రమున్న షెల్ ఏదో, లేనిది ఏదో చూసి పెట్టండి. తారుమారైతే ఆ జర్నల్‌కు ఆయిల్ అందదు. థ్రస్ట్ వాషర్ల గాళ్ళు క్రాంక్ వైపు ఉండాలి.

క్లియరెన్సును ప్లాస్టిగేజ్‌తో చూడండి. అప్పుడు మాత్రం జర్నల్‌కు ఆయిల్ ఉండకూడదు, దారం పెట్టాక క్రాంక్ తిప్పకూడదు. 60 మి.మీ. జర్నల్‌కు 0.06 దగ్గర్లో రావడం మంచి గుర్తు. అసలు హద్దు మాన్యువల్‌ది. దారం నలిగిన గుర్తులు గోటితో తుడిచి, ఆయిల్ వేసి, ఒక్కో క్యాపు బిగించి ఒక్కోసారి చేత్తో క్రాంక్ తిప్పండి. ఏ క్యాపు బిగించాక బిగుసుకుందో అప్పుడే తెలుస్తుంది. అన్నీ బిగించాక చూస్తే తప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి.

రింగులు: ప్రతి రింగునూ దాని బోరులో పెట్టి, బోల్తా తిప్పిన పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి చివరల మధ్య ఫీలర్ దూర్చండి. మొరటు లెక్కలో 100 మి.మీ. బోరుకు 0.30 నుంచి 0.40. మన 89.40 బోరుకు 0.27 కన్నా తగ్గకూడదు. తక్కువైతే వేడికి చివరలు ఒకదాన్నొకటి గుద్దుకుని రింగు విరుగుతుంది. సన్నటి ఆకురాయితో చివరలు రుద్ది సరిచేయాలి. టాప్ అని గుర్తున్న ముఖం పైకి. మూడు రింగుల నోళ్ళు 120 డిగ్రీల ఎడంతో, పిన్ను మీదికీ పిస్టన్ నెట్టే వైపుకీ రాకుండా పెట్టండి.

పిస్టన్లు: తలమీది బాణం ముందువైపు. రాడ్ బోల్టులకు రబ్బరు గొట్టం ముక్కలు తొడిగితే క్రాంక్ గీసుకోదు. కంప్రెసర్ బిగించి సుత్తి పిడితో మెల్లగా తట్టండి. ఎక్కడైనా ఆగితే కొట్టొద్దు, రింగు ఒకటి బయటికి జారి ఉంటుంది. తీసి మళ్ళీ పెట్టండి. ఒక్కో పిస్టన్ దించాక క్రాంక్ ఒక చుట్టు తిప్పండి.

పిస్టన్ ఎత్తు: పిస్టన్ పైకి తెచ్చి, బ్లాకు ముఖం కన్నా ఎంత పొడుచుకొచ్చిందో డయల్ గేజితో నాలుగింటికీ చూడండి. చాలా డీజిల్ ఇంజిన్లకు హెడ్ ప్యాకింగ్ రెండు మూడు మందాల్లో వస్తుంది, అంచున గాట్లో, రంధ్రాలో గుర్తుగా ఉంటాయి. ఎక్కువ ఎత్తు వచ్చిన పిస్టన్‌ను బట్టి మందం ఎంచుకోవాలి. పలచనిది వేస్తే వాల్వు పిస్టన్‌కు తగులుతుంది. మందంది వేస్తే కంప్రెషన్ తగ్గి, పొద్దున స్టార్టింగ్ కష్టం.

హెడ్: బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్ళు నిలిచి ఉంటే గాలి కొట్టి తీసేయండి. తడి ఉన్న రంధ్రంలో బోల్టు బిగిస్తే కింది ద్రవానికి పోయే దారి లేక బ్లాకు పగులుతుంది. మంచి బ్లాకులు ఇలా పోతుంటాయి. ప్యాకింగ్‌కు జిగురు పూయొద్దు. మధ్య నుంచి బయటికి, మాన్యువల్ చెప్పిన విడతల్లో బిగించండి. టార్కు తర్వాత డిగ్రీల్లో తిప్పమని ఉంటే కొత్త బోల్టులే వేయాలి. సాగిన పాత బోల్టు అంకె చూపిస్తుంది కానీ పట్టదు.

మిగతావి ఒక్కొక్కటీ గుర్తు పెట్టుకోండి:

- ఆయిల్ పంపు విప్పి గీతలు చూసి, లోపల ఆయిల్ నింపి బిగించండి.
- టైమింగ్ గుర్తులు కలిపాక చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్ళీ చూడండి.
- ఆయిల్ చాంబర్‌కు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) సిలికాన్ సన్నటి గీతలా పెట్టండి. లోపలికి ఉబికిన ముక్క ఊడి జల్లెడకు అంటుకుంటే ఆయిల్ ప్రెషర్ పోతుంది.
- క్రాంక్ వెనక ఆయిల్ సీలు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు ఇప్పుడే మార్చండి. వీటికోసం మళ్ళీ గేర్ బాక్సు దించాల్సి వస్తే కూలీ రెండింతలు.
- ఇంజెక్టర్ల కింద కొత్త రాగి వాషర్లు వేయండి. పాతవి తీశాక రంధ్రంలో పాత వాషర్ ఇరుక్కుని ఉందేమో చూడండి. ఇంజెక్టర్ల కోడ్‌లు స్కానర్‌తో ఎక్కించే రకమైతే ఏ సిలిండర్‌ది ఆ సిలిండర్‌కే ఎక్కించాలి.
- టర్బో ఆయిల్ పైపు లోపల మసి ఉంటే పైపు మార్చండి. బిగించేముందు టర్బోలో కాస్త ఆయిల్ పోయండి.

థర్మోస్టాట్ గురించి ఒక మాట. "మన ఎండలకు అదెందుకు" అని తీసి పారేస్తుంటారు. అది లేకపోతే ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, డీజిల్ సరిగా కాలదు, ఆయిల్‌లో కలుస్తుంది, బోరు త్వరగా అరుగుతుంది. ఎండల్లో వేడెక్కుతుంటే లోపం రేడియేటర్‌లోనో ఫ్యాన్‌లోనో ఉంది. రేడియేటర్ లోపలా బయటా శుభ్రం చేయించి కొత్త థర్మోస్టాట్ వేయండి. బోరుబావి నీళ్ళు పోయకండి. వాటి ఉప్పు హెడ్ దారుల్లో తెల్లటి పెచ్చులా కడుతుంది. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి.

10. మొదటి స్టార్టు

ఆయిల్ డిప్‌స్టిక్కు గుర్తు దాకా పోసి, ఫిల్టర్‌లో కూడా నింపండి. ఇంజెక్టర్ కనెక్టర్లు తీసేసి, డీజిల్ పడకుండా సెల్ఫ్ కొట్టండి. పది సెకండ్లు కొట్టడం, అర నిమిషం ఆగడం. మీటర్‌లో ఆయిల్ ప్రెషర్ కనబడేదాకా ఇలాగే చేయండి. ప్రెషర్ వచ్చాకే కనెక్టర్లు పెట్టి, డీజిల్ లైన్‌లో గాలి తీసి స్టార్టు చేయండి. దిష్టి నిమ్మకాయ చక్రం కింద పెట్టేవారు అది ముందే పెట్టుకోండి. స్టార్టయిన మొదటి నిమిషంలో కళ్ళు ఆయిల్ మీటర్ మీదే ఉండాలి.

పది సెకండ్లలో ప్రెషర్ నిలవకపోతే వెంటనే ఆపేయండి.

రాత్రంతా ఐడిల్‌లో వదిలేసి "రింగులు సెట్ చేస్తాం" అనడం తప్పు. ఐడిల్‌లో రింగులను గోడకు నొక్కే ఒత్తిడి ఉండదు. గోడ మీద కాలిన ఆయిల్ పొర కట్టి నునుపెక్కుతుంది, తర్వాత రింగులు ఇక కూర్చోవు. లీకులు చూసేంతసేపు నిమిషానికి 1,500 చుట్ల దగ్గర ఉంచి, వేడెక్కగానే రోడ్డెక్కించండి.

11. రన్నింగ్

విజయవాడ నుంచి మచిలీపట్నం రోడ్డు దీనికి బాగుంటుంది. చదునుగా ఉంటుంది, ఊరు దాటాక వేగం మార్చుకుంటూ పోవచ్చు. సగం లోడుతో, ఒకే వేగం పట్టుకోకుండా, కాస్త తొక్కడం, కాలు తీయడం. తొక్కినప్పుడు రింగు గోడకు ఆనుతుంది, కాలు తీసినప్పుడు ఆయిల్ పైకి వచ్చి పొడిని కడుగుతుంది. పెద్ద గేరులో ఇంజిన్ మూలుగుతూ లాగేలా తోలొద్దు.

- 500 కి.మీ.: ఆయిల్, ఫిల్టర్ మార్చండి. పాత ఫిల్టర్ కోసి కాగితం మడతల్లో చూడండి. కాస్త సన్న పొడి మామూలే. రేకుల్లా ముక్కలుంటే బండి ఆపి చాంబర్ విప్పాలి.
- 1,000 కి.మీ.: ట్యాపెట్ గ్యాపు, గొట్టాల క్లిప్పులు, ఇంజిన్ మౌంటింగులు చూడండి. హెడ్ మళ్ళీ బిగించడం మాన్యువల్ చెబితేనే.
- 1,500 కి.మీ.: ఇంకోసారి ఆయిల్. ఆ తర్వాతే పూర్తి లోడు.

12. బిగించాక వచ్చే తంటాలు

ఆయిల్ ప్రెషర్ వేడిమీద తక్కువ: ముందు మీటర్‌తో చూడండి, తర్వాత ప్రెషర్ వాల్వులో చెత్త, జల్లెడ దగ్గర గాలి పీల్చే ప్యాకింగ్, గ్యాలరీ ప్లగ్గు మరచిపోవడం. ఇవేవీ కాకపోతే బేరింగు క్లియరెన్సు.

1,500 దాటినా నీలం పొగ: ఆయిల్ గుర్తు పైన ఉందా, టర్బో, వాల్వ్ సీల్స్ చూశాకే రింగుల మీదికి వెళ్ళండి. రింగు తలకిందులుగా వేసినా, గోడ నునుపెక్కినా ఇంతే. అప్పుడు హెడ్ తీసి హోనింగ్, కొత్త రింగులు తప్పవు.

నీళ్ళు బయటికి నెట్టడం: మొదట లైన్‌లో చిక్కుకున్న గాలి. హీటర్ నాబ్ తెరిచి, రేడియేటర్ వైపు ఎత్తుగా ఉంచి గాలి తీయండి. తగ్గకపోతే హెడ్ ప్యాకింగ్ లీకు.

క్రాంక్ చేత్తో తిరగనంత బిగువు: స్టార్టరుతో లాగి వదులు చేద్దామని చూడకండి. క్యాపు తారుమారైంది, లేదా షెల్ నాలుక గాడిలో కూర్చోలేదు. విప్పండి.

పని ముగిశాక ఒక కార్డు మీద ఇవి రాసి ఆర్సీ కాపీతో పాటు బండిలో పెట్టండి: బోరు ఎంత సైజు, మెయిన్, బిగ్ ఎండ్ ఎంత సైజు, హెడ్ ప్యాకింగ్ మందం, బ్లాకు నుంచీ హెడ్ నుంచీ ఎంత తీశారు, తేదీ, మీటరు కిలోమీటర్లు. వచ్చేసారి ఇంజిన్ విప్పే మెకానిక్ ముందు అడిగేవి ఇవే.